కొత్తనీటి సారె

బ్యారేజీ దగ్గర కాలువకు నీళ్ళు వదిలారన్న కబురు మగ్గాలపేటకు చేరేసరికి మాధురి గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. వేసవంతా ఎండి, అడుగున నెర్రెలు తేలిన కాలువలోకి కొత్తనీరు వస్తోందంటే ఎవరికైనా ప్రాణం లేచి రావాలి. వీధంతా అలాగే లేచింది. అరుగుల మీద బోర్లించిన బిందెలన్నీ లేచి నిలబడ్డాయి. మాధురి మాత్రం లేవలేదు. పడుగు మధ్య విసరబోయిన నాడె చేతిలోనే ఉండిపోయింది.

"ప్రత్యూష ఏది?" అంది ముందు.

నీళ్ళ కబురు వినగానే ఆవిడకు కూతురెందుకు గుర్తొచ్చిందో పేటలో ఎవరినడిగినా చెబుతారు. కిందటేడు ఇలాగే కొత్తనీరు వచ్చింది. వచ్చిన పూటే తూము ఎత్తి మంచినీళ్ళ చెరువు నింపారు. ఆ తరవాత వీధిలో ఒకరి వెనక ఒకరికి కామెర్లు. చాలామంది పథ్యాలతో, పసరు మందులతో లేచి తిరిగారు. ప్రత్యూషకు ముదిరింది. బెజవాడ ఆసుపత్రిలో మంచానికి అతుక్కుపోయి, కళ్ళూ గోళ్ళూ పచ్చబడి, కన్నతల్లిని గుర్తుపట్టని స్థితి కూడా చూసింది ఆ పిల్ల. ఎలాగో బతికి బయటపడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, లివరు ఇంకా కోలుకోలేదనీ, ఇలాంటిది ఇంకోసారి వస్తే తాను మాట ఇవ్వలేననీ చెప్పాడు. ఆ మాట అప్పట్నించీ మాధురి చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది. తాగడానికి క్యాన్ నీళ్ళు కొంటున్నారు, నిజమే. కానీ బియ్యం కడిగేదీ, పళ్ళు తోముకునేదీ, గిన్నెలు తొలిచేదీ ఆ చెరువు నుంచి వచ్చే పంపు నీళ్ళతోనే. ఎన్ని చోట్లని అడ్డం నిలబడుతుంది?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ ఊరు బెజవాడకు దిగువన, బందరు వైపు, కాలువకు ఆఖరి కొస. వడ్డించేవాళ్ళలో మనవాడొక్కడూ లేడు. పైనున్న ఊళ్ళన్నీ తాగి, తడుపుకుని, కడుక్కుని వదిలేసిందే ఇక్కడికొస్తుంది. అందులోనూ తొలినీటి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండిన కాలువంటే లోకానికి చెత్తకుండీయే కదా. వేసవంతా అందులో పారేసిన సంచులూ, కోడి ఈకలూ, ఆసుపత్రి సూదులూ, ఇంజను నూనే అన్నిటినీ ఊడ్చుకుంటూ వచ్చేది ఆ తొలినీరే. మగ్గాలపేట వాళ్ళు మాత్రం కడిగిన ముత్యాలా? చౌడయ్యగారి అద్దకం షెడ్డులో నూలుకు రంగులు వేసిన నీళ్ళు పోయేదీ ఆ కాలువలోకే. పేటలో సగం మగ్గాలకు నూలిచ్చి నేయించే ఆసామి ఆయన. ఊరి నీటి సంఘానికి పెద్ద కూడా ఆయనే. మరి ఆయన్ని అడిగేదెవరు?

ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్తనీరు తూము దగ్గరికి వచ్చినప్పుడు పేటలో పెద్ద వయసు ఆడమనిషి ఎదురెళ్ళి, పసుపూ కుంకుమా చల్లి, పేటలో నేసిన చీరా గాజులూ పళ్ళెంలో పెట్టి సారె ఇవ్వాలి. ఇచ్చాకే తూము తలుపు ఎత్తుతారు. ఇవ్వకుండా ఎత్తిన సంవత్సరం ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడా పళ్ళెం మాధురి అత్తగారు వెంకటరావమ్మది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. పెళ్ళికి పిలిస్తే వెనక వరసలో కూర్చోబెట్టే ఈ ఊరే, ఏటా ఈ ఒక్క పూట ఆవిడ చేతి పసుపు కోసం ఎదురుచూస్తుంది. కృష్ణమ్మకు ముత్తయిదువా విధవా తేడా లేదని పెద్దలు చెప్పారట. ఆ పెద్దలు ఆ ముక్క మనుషులకు కూడా చెప్పి ఉంటే బాగుండేది.

అందుకే మాధురి చూపు ఆ పళ్ళెం మీద పడింది. సారె లేనిదే తలుపు లేవదు. తలుపు లేవకపోతే తొలినీరు చెరువులోకి రాదు. నాలుగు రోజులు ఆ మురికంతా ముందుకు పోనిచ్చి, నీరు తేరాక ఎత్తుకుంటే సరి.

ఈ ఆలోచనకు నారు పోసింది ప్రత్యూషే. బెజవాడలో డిగ్రీ చదువుతోంది. అక్కడ రాగిణి మేడం అని ఒకావిడ ఎకోఫెమినిజం గురించి పాఠం చెప్పిందట. పర్యావరణ స్త్రీవాదం అని తెలుగులో చెప్పినా పేటలో ఎవరికీ నోరు తిరగలేదు. మగ్గాలకు నూలు కండెలు చుడుతున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆ పిల్ల విడమరిచి చెప్పింది. నేలనీ నీటినీ అమ్మా అని పిలుస్తారు, ఇంట్లో అమ్మని చూసినట్టే వాటినీ చూస్తారు. ఎంత చాకిరీ చేసినా అది పని కింద లెక్కకు రాదు. ఎంత పోసినా కడగాలి, ఎంత పెట్టినా భరించాలి, విసుక్కోకూడదు. హిమాలయాల్లో చెట్లను కావలించుకుని నిలబడ్డ ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పింది. మగ్గాలపేట ఆడవాళ్ళకు హిమాలయాలు దూరమే గానీ, పని కింద లెక్కకు రాని పని అనగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సర్కారిచ్చే నేతగాడి కార్డు మగాడి పేరునే వస్తుంది. కండె చుట్టే చేతికి కార్డు లేదు.

వెంకటరావమ్మ మాత్రం నొచ్చుకుంది. కృష్ణమ్మని అమ్మా అనడం తప్పయిపోయిందా అని మనవరాలి మీద గయ్యిమంది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆఖరికి మాధురే, ఆసుపత్రిలో పిల్ల పడుకున్న ఫొటో ఒకటి ఫోన్లో తీసి చూపించింది. ముసలావిడ చూసింది. ఈసారి కబురొచ్చినప్పుడు పళ్ళెం పట్టుకోనని మాటిచ్చింది. వీధి ఆడవాళ్ళందరి ఎదుటా ఇచ్చింది.

ఇంతా చేశాక మాధురికి నిద్ర పట్టిందా అంటే పట్టలేదు. ఎందుకంటే చౌడయ్య చెప్పేది కూడా అబద్ధం కాదు. శివారు ఊరికి నీళ్ళు వంతుల లెక్కన వస్తాయి. వచ్చినప్పుడు పట్టుకోకపోతే, పైన నాట్లకు మళ్ళించారంటే మళ్ళీ ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. చెరువు చూడబోతే అడుగంటింది. తీసుకుంటే జబ్బు, వదిలేస్తే దాహం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరి గొంతెండితే ఆ పాపం తన నెత్తినే పడుతుందని ఆవిడకు తెలుసు.

కబురొచ్చిన మర్నాడు పొద్దున్నే తూము దగ్గర ఊరు పోగయింది. లస్కరు తిరుపతిరావు, అంటే కాలువ తలుపులు చూసుకునే ఉద్యోగి, చక్రం పక్కన నిలబడ్డాడు. తూము అవతల పిల్లకాలువ, దాని చివర చెరువు. ఆడవాళ్ళంతా గట్టు మీద నిలబడ్డారు, ఒక్కరి చేతిలోనూ పళ్ళెం లేదు. చౌడయ్య ఇస్త్రీ మడత నలగని చొక్కాతో వచ్చి, వాళ్ళ ఖాళీ చేతులు చూసి అంతా గ్రహించాడు. అయినా కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు, ఆయనిచ్చే నూలు ఆగిపోతుందంతే.

"పిన్నీ, ఏవిటిదంతా? పిల్లలు ఏదో చదువుకుని చెప్తే నువ్వు కూడానా?" అన్నాడు వెంకటరావమ్మతో.

ఆవిడ కాలువ మలుపు వైపే చూస్తోంది.

ముందు వాసన వచ్చింది. తరవాత చప్పుడు. తరవాత మలుపు తిరిగి నీరు కనబడింది. దానికన్నా ముందు నురగ, నురగకు ముందు సీసాలూ సంచులూ. నల్లటి నీటి మీద నూనె రంగులు రంగులుగా మెరుస్తోంది. ఒక కుక్క కళేబరం తిరుగుతూ తిరుగుతూ వచ్చి తూము మెట్టుకు తగులుకుంది. మాధురి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకాసేపు ఓర్చుకుంటే చాలు, ఈ కంపు చూశాక ఎవడూ ఎత్తమనడు అనుకుంది.

సరిగ్గా అప్పుడే జరిగింది. నీరు మెట్టును తాకగానే వెంకటరావమ్మ కుడిచెయ్యి రొంటి దగ్గరికి వెళ్ళింది. అక్కడ పసుపూ కుంకుమా పొట్లం ఉంది. ఈసారి పళ్ళెం ముట్టనని ఒట్టేసిన మనిషి, పొద్దున స్నానం చేసి చీర కట్టుకుంటూ ఆ పొట్లం మాత్రం ఏటా దోపుకున్నట్టే దోపుకుంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పసుపు నీళ్ళ మీద పడింది, కుంకుమ పడింది, నడుం వంగింది, నోరు "తల్లీ, చల్లగా చూడు" అనేసింది.

ఆ చేతిని ఎవరు తప్పుపట్టగలరు? ఎన్నేళ్ళ అలవాటో అది. కానీ మాధురికి అత్తగారి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ వెంటనే భయం ముంచుకొచ్చింది.

"పిన్ని చల్లేసింది. ఇంకేంటి, ఎత్తు," అన్నాడు చౌడయ్య.

తిరుపతిరావు ఆడవాళ్ళ వంక ఒకసారి చూసి, చక్రం తిప్పాడు. తలుపు కింద సందు పడింది. నల్లనీరు పిల్లకాలువలోకి పాయలా దూకి చెరువు దారి పట్టింది.

చెరువు వరకూ ఎంత దూరం? ఆపితే ఇప్పుడే ఆపాలి. మాధురి అత్తగారి దగ్గరికెళ్ళి భుజం పట్టుకుంది. ముసలావిడ తన చేతి వంకే చూసుకుంటోంది, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు. వేళ్ళ సందుల్లో ఇంకా పసుపు ఉంది.

"అత్తయ్యా, పిల్ల కళ్ళు ఈ రంగే కదా అప్పుడు," అంది మాధురి.

వెంకటరావమ్మ తలెత్తి మనవరాలిని చూసింది. తరవాత ఎవరూ అనుకోని పని చేసింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, చక్రం ఉన్న దిమ్మె ఎక్కి, తిరుపతిరావును జరగమని, చక్రం మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

"చౌడయ్యా, సారె ఇచ్చానా?"

"పసుపు చల్లావు కద పిన్నీ."

"పసుపు చల్లాను. చీర పెట్టానా? గాజులు పెట్టానా? పెట్టలేదు. సారె కానిదే తలుపెట్టా ఎత్తించావు?"

ఆచారం చెప్పి ఎత్తించిన మనిషికి ఆచారంతోనే సంకెల పడింది. చౌడయ్య గొంతు తగ్గించి, వంతు నీటి సంగతీ, శివారు కష్టాలూ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ నీళ్ళు పోతే రేపు ఊరు దాహానికి చచ్చిపోతే ఎవరు జవాబుదారీ అని అడిగాడు. ఆ మాటకు కొందరు మగవాళ్ళు తలలూపారు. కొందరు ఆడవాళ్ళు కూడా ఊపారు.

"అమ్మా అమ్మా అని పిలిచామయ్యా ఇన్నాళ్ళూ," అంది వెంకటరావమ్మ. "అమ్మే కదా, కడుగుతుందిలే అని అన్నీ తెచ్చి దాని నెత్తిన పోశాం. నీ రంగునీళ్ళూ పోశాం, నా ఇంటి పెంటా పోశాం. ఇవాళ్టి నుంచి అది నాకు అమ్మ కాదు, కూతురు. ఆడపిల్ల పుట్టింటికొస్తే కాళ్ళు కడక్కుండా గడప దాటిస్తామా? ఆ కాళ్ళు చూడు, ఎట్టా ఉన్నయ్యో. కాళ్ళు కడుక్కోనీ, అప్పుడు సారె పెడతాను. నువ్వు నూలు ఆపుకుంటావా, ఆపుకో."

మాధురి దిమ్మె ఎక్కి అత్తగారి చేతుల పక్కన తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి చక్రాన్ని వెనక్కి తిప్పబోయారు, తిరగలేదు. తిరుపతిరావు తన ఉద్యోగం ఏమైతే అయిందనుకున్నాడో, తన ఇంట్లోనూ పంపు అదేననుకున్నాడో, వంగి ఒక చెయ్యి వేశాడు. తలుపు దిగింది. ప్రత్యూషా, మరికొందరు ఆడపిల్లలూ పిల్లకాలువలోకి దిగి మట్టిపెళ్ళలతో అడ్డకట్ట వేశారు. పారిన నల్లనీరు చెరువుకు కాస్త ఇవతలే గుంటకట్టి నిలిచిపోయింది.

అక్కడితో కథ అయిపోలేదు. అసలు భయం ఆ తరవాతే.

నీరు ఊరి ముందునుంచి పోతూనే ఉంది. ఆడవాళ్ళు వంతులేసుకుని తూము దగ్గర కూర్చున్నారు. మొదటి రోజు వాళ్ళకు మజ్జిగ తెచ్చిన ఇళ్ళే రెండో రోజు తలుపులు వేసుకున్నాయి. పంపులో సన్నటి ధార వస్తోంది, అది కూడా బురద. మగ్గాలపేటకు చౌడయ్య నూలు రాలేదు. మూడో రోజు కాలువలో మట్టం తగ్గింది. మెట్టు మీద తడి గుర్తు పైన ఉంది, నీరు కింద ఉంది. పైన మళ్ళించేశారంట అని ఎవరో అన్నారు. ఒక ముసలాయన ఖాళీ బిందె తెచ్చి మాధురి ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

నీరు ఇప్పుడు అంత నల్లగా లేదు, అలాగని తేరనూ లేదు, బూడిదరంగులో ఉంది. ఇప్పుడెత్తితే కనీసం ఏదో ఒకటి మిగులుతుంది. రేపటికి ఇదీ లేకపోతే? నా ఒక్క పిల్ల కోసం ఊరందరి పిల్లల్నీ ఎండగడుతున్నానా అనుకుంది మాధురి. తిరుపతిరావును పిలుద్దామని లేచింది కూడా. అప్పుడే మొగుడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. కిరణ్‌కుమార్ బెజవాడ ఆటోనగర్‌లో ఒక లారీల షెడ్డులో పనిచేస్తాడు. వారానికోసారి ఇంటికొస్తాడు.

తలుపు ఎత్తించేస్తానని ఆవిడ చెప్పింది.

"ఎత్తొద్దు మాధురీ," అన్నాడు. "మా షెడ్డు వెనక తొట్టిలో వేసవంతా ఇంజన్లు కడిగిన నూనె నీళ్ళే. కాలువ వదిలారనగానే, పారే నీరు పట్టుకుపోతుందని, కాలువలో కలిసే డ్రైనులోకి వదిలేయమన్నారు. నేనే వదిలాను. నేనే కాదు, అందరూ ఆ కబురు కోసమే చూస్తుంటారు. అదంతా మీ దాకా వచ్చి పోవాలి. ఇంకా ఆగండి."

ఆసుపత్రిలో కూతురి మంచం పక్కన ఏడ్చిన మనిషే ఇతను. మాధురికి తిట్టాలనుంది, ఏడవాలనుంది. మళ్ళీ ఎప్పుడూ వదలనని మాత్రం చెప్పమంది. పని పోతుందేమోనన్నాడు. పోతే రమ్మంది, మగ్గం ఉంది కదా అంది. నూలు రాలేదన్న సంగతి చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, వెళ్ళి తూము దగ్గర మళ్ళీ కూర్చుంది.

ఆ మర్నాడు పొద్దున నీరు తేరింది. మట్టం ఇంకా దిగింది గానీ అడుగున గులకరాయి కనబడుతోంది. పిల్లకాలువలో నిలిచిన నల్లనీటిని ఆడపిల్లలు అప్పటికే బయటికి తోడిపోసి అడ్డకట్ట తీసేశారు. వెంకటరావమ్మ పళ్ళెంతో వచ్చింది. ముందు ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు చెంబుతో తెచ్చి తూము మెట్టు మీద పోసింది, గుమ్మంలో నిలబడ్డ పిల్ల కాళ్ళ మీద పోసినట్టే. తరవాత చీర, గాజులు. ఏటా అనే "తల్లీ" అన్న మాట నోటిదాకా వచ్చినట్టుంది, ఆగింది.

"రా అమ్మాయ్, లోపలికి రా," అంది.

తిరుపతిరావు తలుపు ఎత్తుతుంటే చౌడయ్య దూరంగా నిలబడి చూశాడు. సాయంత్రానికి నూలు పంపాడు, కానీ షెడ్డు నీళ్ళ సంగతి ఎత్తలేదు. దాని కోసం ఆడవాళ్ళు ఇంకోసారి ఆయన గుమ్మం ముందు కూర్చోవాలి. కూర్చుంటారు కూడా, ఇప్పుడు దారి తెలిసింది.

చెరువు సగానికే నిండింది. ఆ పైన కాలువ ఆగిపోయింది. సగం చెరువుతో ఊరు ఎన్నాళ్ళు గడుపుతుందో ఎవరికీ తెలియదు. కొందరు మాధురిని చూసి మొహం తిప్పుకుంటూనే ఉన్నారు. ఆవిడ వాళ్ళను తప్పుపట్టలేదు. తనకే రాత్రీ పగలూ ఆ సగం కళ్ళముందు కదులుతోంది.

కాలువ ఆగిన మర్నాడు పంపులో కొత్తనీరు వచ్చింది. మాధురి గ్లాసు పట్టింది. వెలుగులో పెట్టి చూసింది, వాసన చూసింది. బాగానే ఉన్నట్టుంది. కానీ కంటికి కనబడేవే జబ్బులైతే డాక్టర్లెందుకు? వంటింట్లోకి తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. ముందు తను తాగుతుంది. ఏదన్నా ఉంటే తనకు వస్తుంది. రాకపోతే అప్పుడు పిల్లకు.

వెనకనుంచి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది. ప్రత్యూష. గ్లాసులో నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి.

"అమ్మవి కదా అని, కృష్ణమ్మలా నువ్వు కూడానా?" అంది ఆ పిల్ల. కళ్ళు తెల్లగా ఉన్నాయి, నిండా నీళ్ళున్నాయి.

మాధురికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. గ్లాసు కింద పెట్టింది. ప్రత్యూష పెద్ద గిన్నె తీసి పొయ్యి మీద పెట్టి, పంపు కింద నుంచి బిందె తెచ్చి పోసింది. ముసలావిడ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. ముగ్గురూ ఆ నీళ్ళు మరిగేదాకా అక్కడే ఉన్నారు.